నలిగిన మనస్సునకు చేతిపని – చిత్రకారుడు దామెర్ల రామారావుగారి జీవితము

ధ్యానభాగములు: 1 సమూయేలు 16:14–23, నిర్గమకాండము 31:1–6



సౌలు రాజు మనస్సు కలత చెందినప్పుడు అతని సేవకులు ఏమి చేసిరో మనకందరకు తెలిసినదే. వారు రాజును గద్దింపలేదు. ధైర్యము తెచ్చుకొమ్మని ఉపన్యాసము చెప్పలేదు. సితారా వాయించుటలో నేర్పరియైన యొక పిల్లవానిని బేత్లెహేమునుండి పిలిపించిరి. దావీదు తన చేతితో తంతులు మీటినప్పుడెల్ల సౌలు సేదదీరి నెమ్మది పొందెనని లేఖనము చెప్పుచున్నది. మాటలు చొరబడలేని చోటికి ఒక చేతిపని చొచ్చుకొనిపోయెను.

సితారా తంతికి ఉన్న యీ గుణము గీతకును రంగుకును కూడ ఉన్నదని నేటి వైద్యులు చెప్పుచున్నారు. అయితే మన పల్లెలలో బొమ్మలు గీయు పిల్లవానికి దొరకునది మందలింపే. అది అన్నము పెట్టునా అని తండ్రి అడుగును. అది ఆజ్ఞకు విరోధము కాదా అని సంఘపు పెద్ద అడుగును. ఈ రెండు ప్రశ్నలకును జవాబు వెదకుటకై ఈ మాసమున మేము మన గోదావరి తీరమున పుట్టిన చిత్రకారుడు దామెర్ల రామారావుగారి జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము. ఆయన క్రైస్తవుడు కాడు. పురాణకథలను కూడ చిత్రించినవాడు. అయినను నీతిమంతులమీదను అనీతిమంతులమీదను వర్షము కురిపించు తండ్రి, చేతి నేర్పును కూడ అందరికిని పంచిపెట్టుచున్నాడు గనుక, ఆయన బ్రదుకునుండి మనము నేర్చుకొనవలసినది ఉన్నది.

గురువు దొరికిన పిల్లవాడు

రామారావుగారు 1897వ సంవత్సరము మార్చి 8న రాజమహేంద్రవరములో జన్మించిరి. కైకలూరులో రైలెక్కినవారు భీమవరము, తణుకు, నిడదవోలు దాటి గోదావరి వంతెనమీదుగా చేరు పట్టణమే అది. చిన్ననాటనే ఆయన చేయి గీతకు అలవాటుపడెను. అటువంటి చేయిగల పిల్లలు ప్రతి ఊరిలోను ఉందురు. గోడమీద బొగ్గుతో గీసి తన్నులు తినువారు, పలకమీద లెక్కకు బదులు ఎద్దును గీసి బెంచీ ఎక్కువారు మన బడులలోను ఉన్నారు. వారిలో అనేకుల చేయి పదునెనిమిది ఏండ్లు రాకముందే మొద్దుబారిపోవును. రామారావుగారి చేయి మొద్దుబారకపోవుటకు కారణము ఒక మనుష్యుడు.

ఆయన పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. 1882లో ఇంగ్లండు దేశపు ఆబింగ్డన్ పట్టణములో పుట్టి, ఆక్స్‌ఫర్డులో చదువుకొని, 1909లో రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిన దొర. అధికారియై వచ్చినవాడు అధికారిగానే తిరిగిపోవచ్చును. ఈయన అట్లు చేయలేదు. తాను కథలు వ్రాయుచు, బొమ్మలు గీయుచు, తన శిష్యులలో ఎవరికి ఏ వరమున్నదో కనిపెట్టి చూచుచుండెను. పాట వ్రాయగలవానిచేత పాట వ్రాయించెను; బొమ్మ గీయగలవానిచేత బొమ్మ గీయించెను. మనకు సమీపమున భీమవరము ప్రక్కనున్న సరిపల్లెలో పుట్టి, నవలాకారుడును చిత్రకారుడునైన అడివి బాపిరాజుగారు ఆ దొరగారి శిష్యుడే. కవికొండల వేంకటరావుగారును, వరదా వేంకటరత్నముగారును అదే నీడన పెరిగినవారే.

ఆ దొరగారు రామారావునకు నేర్పిన గొప్ప పాఠము చూచుట. ఆ కాలములో మన యిండ్లలో అచ్చుబొమ్మలు విరివిగా ఉండెడివి. గీయ నేర్చుకొను పిల్లలు వాటిని చూచి వ్రాయుట వాడుక. దొరగారు ఆ పిల్లవాని దృష్టిని కిటికీ వెలుపలికి త్రిప్పెను. గోదావరి ఉన్నది, పాపికొండలున్నవి, రేవులో నీళ్ళు ముంచుకొను స్త్రీలున్నారు, సంతకు పోవు జనులున్నారు. ఇవి గీయదగనివి కావని ఆయనకు తెలిపెను. మన ప్రభువు కూడ చింతతో కృశించుచున్న జనసమూహమునకు మొదట చెప్పిన మందు చూచుటయే గదా. ఆకాశపక్షులను చూడుమని, పొలములోని పువ్వులు ఎట్లు ఎదుగుచున్నవో ఆలోచించుమని ఆయన వారికి చెప్పెను. చింత మనుష్యుని తలను క్రిందికి వంచి తన్నుతానే చూచుకొనునట్లు చేయును. పువ్వును చూచుటకు తల ఎత్తక తప్పదు.

బొంబాయి చదువు, తిరిగి రాక

దొరగారి తోడ్పాటుతో రామారావుగారు 1916లో బొంబాయిలోని సర్ జె. జె. చిత్రకళాశాలలో చేరి, 1920 వరకు అక్కడ చదువుకొనిరి. అజంతా గుహలలోని గోడచిత్రములను చూచి, అనేక శతాబ్దముల క్రిందట మన దేశస్థులు గీసిన రేఖ ఎంత మెత్తనిదో, ఎంత నిండైనదో కన్నులార చూచిరి. పాశ్చాత్యుల శాస్త్రమును బొంబాయిలో నేర్చి, ప్రాచీనుల రేఖను అజంతాలో నేర్చి, ఆ రెంటిని తెలుగువారి ముఖములమీదికి తెచ్చిరి. ఆయన పటములలోని స్త్రీలు స్వర్గమునుండి దిగివచ్చినవారు కారు. మన వీధులలో బిందె చంకనుంచుకొని నడచినవారే.

ఈలోగా ఆయన గురువుగారికి కష్టము వచ్చెను. కూల్డ్రే దొరగారికి వినికిడి క్రమక్రమముగా తగ్గిపోయెను. పాఠము చెప్పువానికి చెవులు పోవుట ఎంత బాధయో ఉపాధ్యాయులైనవారికి తెలియును. శిష్యుడడిగిన ప్రశ్న గురువునకు వినబడదు. 1919లో ఆయన ఉద్యోగము విడిచి ఇంగ్లండునకు వెళ్ళవలసివచ్చెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియేడేండ్లే. దాని తరువాత ఆయన ముప్పదితొమ్మిది సంవత్సరములు బ్రదికి 1958లో మరణించెను. ఆ దీర్ఘకాలములో ఆయన కలమును విడువలేదు, కుంచెను విడువలేదు. 1924లో దక్షిణదేశములో తాను గడపిన కాలమునుగూర్చి ఒక గ్రంథము ప్రచురించెను. ఆ తరువాత పద్యములు వ్రాసెను. చెవి అనెడి వాకిలి మూయబడినప్పుడు ఆయన కంటి వాకిలియొద్దను చేతి వాకిలియొద్దను కూర్చుండెను. రాజమహేంద్రవరములో కుఱ్ఱవాండ్రకు తాను నేర్పిన పాఠము ఆయనకే అక్కరకు వచ్చెనని మేము తలంచుచున్నాము.

రామారావుగారు బొంబాయిలో ఉండిపోయిన పేరును ధనమును దొరికియుండెడివి. ఆయన తన ఊరికి తిరిగివచ్చిరి. 1922లో కలకత్తాలో జరిగిన ప్రదర్శనములో ఆయన చిత్రించిన ఋష్యశృంగ బంధనము అను పటమునకు బహుమానము వచ్చెను. ఆ ప్రాంతములలోనే ఆయన రాజమహేంద్రవరములో చిత్రకళాశాలను నెలకొల్పి, తనకు ఉచితముగా దొరికినదానిని ఇతరులకు పంచిపెట్టసాగిరి. బాల్యమునుండి తోడుగానున్న వరదా వేంకటరత్నముగారు ఈ పనిలో కుడిభుజమైరి. అంతేకాదు, ఆయన భార్య సత్యవాణిగారును, సహోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారును కుంచె పట్టిరి. ఇంటి స్త్రీలు వంటయింటి గడప దాటుట అరుదైన ఆ దినములలో, వారి చేతికి రంగు అందెను. ఇది చిన్న సంగతి కాదని ముందు చూడబోవుచున్నాము.

మసూచి

1925వ సంవత్సరము ఫిబ్రవరి 6న రామారావుగారు మసూచికము సోకి మరణించిరి. ఇరువదియెనిమిది యేండ్లు నిండుటకు ఇంక నెల దినములు ఉండెను.

ఆ రోగము ఎంత భయంకరమైనదో మన ముసలివారికి వారి పెద్దలు చెప్పియుందురు. పల్లెలలో దానిని అమ్మవారు అనెడివారు. వేపమండలు కట్టి, మ్రొక్కులు మ్రొక్కి, వైద్యుని గడప త్రొక్కనీయక పోగొట్టుకొన్న ప్రాణములు ఎన్నియో. అది దేవత కాదు, కంటికి కానరాని సూక్ష్మజీవివలన వచ్చు అంటురోగము. ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ అను వైద్యుడు 1796లోనే దానికి టీకా కనుగొనెను. అయినను ఆ టీకా అందరికిని అందుటకు దాదాపు రెండు శతాబ్దములు పట్టెను. మన దేశములో చివరి మసూచి రోగి 1975లో కనబడెను. 1980లో లోకమంతటనుండియు ఆ రోగము తొలగిపోయెనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ప్రకటించిరి. కాబట్టి ప్రియులారా, చిత్రలేఖనము మంచిదని మేము చెప్పుచున్నను, అది టీకాకు బదులు కాదు, వైద్యునికి బదులు కాదు. ఎంత చక్కని గీత గీసిన చేతినైనను ఆ రోగము విడువలేదు. దేవుడు వైద్యునిచేత ఇచ్చు మేలును వైద్యునియొద్దనే అడుగవలెను.

అయితే రోగము శరీరమును తీసికొనిపోయిన తరువాత ఇంటిలో మిగిలినవారి మాట ఏమి? వారికి ఏ టీకా ఉన్నది? ఇక్కడనే రామారావుగారి కథలో మేము ముఖ్యముగా ఎంచిన భాగము ఉన్నది.

దుఃఖములో విడువని కుంచె

భర్త పోయిన స్త్రీకి ఆ కాలపు సమాజము ఒక మూల చూపెడిది. సత్యవాణిగారు చిత్రములు వ్రాసిరి. సహోదరుడు పోయిన బుచ్చికృష్ణమ్మగారు చిత్రములు వ్రాసిరి. స్నేహితుని పోగొట్టుకొన్న వేంకటరత్నముగారు ఆ చిత్రకళాశాల మూతపడనీయక, శిష్యులను తయారు చేయుచు సంవత్సరముల తరబడి దానిని నడపిరి. రామారావుగారి పేరున రాజమహేంద్రవరములో చిత్రశాల వెలసెను. అది తరువాత ప్రభుత్వమువారి పోషణలోనికి వచ్చెను. ఆయన నూనెరంగుల పటములును, నీటిరంగుల పటములును, పెన్సిలుతో గీసిన రేఖాచిత్రముల పుస్తకములును అక్కడ భద్రపరుపబడినవి. వాటి ప్రక్కన ఆయన భార్యవి, సహోదరివి, స్నేహితునివి కూడ ఉన్నవి.

దీనిని ఆలోచించుడి. చనిపోయినవాడు బ్రదికియున్నప్పుడు ఇంటివారి చేతికి ఒక పని ఇచ్చిపోయెను. దుఃఖము వచ్చిన దినమున వారి చేతులు వట్టివిగా లేవు. మన యిండ్లలో మృత్యువు వచ్చినప్పుడు ఏడ్పు మూడు దినములకు సద్దుమణుగును, చుట్టములు తిరిగిపోవుదురు, నలువదవ దినపు కూడికయు ముగియును. ఆ తరువాత ఆ తల్లి వట్టి చేతులతో గుమ్మమునొద్ద కూర్చుండును. ఆ వట్టి చేతులకు మన సంఘము ఏమి ఇచ్చుచున్నది?

లోకము దీనికి పెట్టిన పేరు

ఇంగ్లండు దేశములో ఆడ్రియన్ హిల్ అను చిత్రకారుడు ఉండెను. 1938లో క్షయరోగము సోకి మిడ్‌హర్స్ట్ అను చోటనున్న ఆరోగ్యశాలలో చేరెను. ఆ దినములలో క్షయకు నేటి మందులు లేవు. నెలల తరబడి పడకలో పడియుండుటయే వైద్యము. పడకమీదనుండియే ఆయన తన చుట్టునున్న వస్తువులను గీయుట మొదలుపెట్టెను. దానివలన మనస్సునకు కలిగిన నెమ్మదిని గుర్తెరిగి, తక్కిన రోగులకును, యుద్ధములో గాయపడి వచ్చిన సైనికులకును నేర్పసాగెను. 1942లో ఆయన ఈ పనికి చిత్రకళా చికిత్స అను భావముగల పేరు పెట్టెను. 1945లో దీనిగూర్చి గ్రంథము ప్రచురించెను. నేడు అనేక దేశములలోని ఆసుపత్రులలో దీనికై ప్రత్యేకముగా తర్ఫీదు పొందినవారు పని చేయుచున్నారు.

ఇంకొక స్త్రీ కథ దీనికన్న కఠినమైనది. ఫ్రీడల్ డిక్కర్ బ్రాండైస్ అను యూదురాలు వియన్నాలో పుట్టిన చిత్రకారిణి. 1942 డిసెంబరులో జర్మనీ నాజీలు ఆమెను టెరెజీన్ అను నిర్బంధ పట్టణమునకు పంపిరి. అక్కడ తలిదండ్రులనుండి వేరుచేయబడిన పిల్లలు వందలకొలది ఉండిరి. ఆమె దొరికిన చిత్తు కాగితములమీద వారిచేత బొమ్మలు గీయించెను. ఆ పిల్లలు కంచెలను గీసిరి, పడకల వరుసలను గీసిరి. విడిచివచ్చిన ఇండ్లను, పువ్వులను, సీతాకోకచిలుకలను కూడ గీసిరి. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్ మరణశిబిరమునకు తీసికొనిపోయి చంపిరి. పోవుటకు ముందు ఆమె పిల్లల బొమ్మలు నాలుగువేల అయిదువందలవరకు రెండు పెట్టెలలో దాచెను. యుద్ధము తరువాత ఆ పెట్టెలు దొరికినవి. ఆ పిల్లలలో అనేకులు దొరకలేదు. బొమ్మలు వారిని మరణమునుండి తప్పింపలేదు. కాని భయము నడుమ బ్రదికిన ఆ దినములలో, ఒక్కొక్క గంట వారు ఖైదీలు కాక పిల్లలుగా ఉండిరి. ప్రతి బొమ్మమీద ఆమె పిల్లల పేరులు వ్రాయించెను. అంకెలుగా మార్చబడినవారికి పేరు తిరిగి ఇచ్చుట ఎంత గొప్ప సేవ! గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచు కాపరిని ఎరిగిన మనకు దీని విలువ తెలియవలెను.

గీత మనస్సునకు ఏమి చేయును?

ఇది మంత్రము కాదు. దీని పని విధానము సామాన్యమైనది. మొదటిది, గీయువాడు చూడవలెను. చూచునంతసేపు తన బాధనుండి కన్ను ప్రక్కకు తిరుగును. రెండవది, చేయి మెల్లగా కదలవలెను. చేయి నిదానించినకొలది ఊపిరియు నిదానించును. మూడవది, లోపల రూపము లేక తిరుగుచున్న భయము కాగితముమీద ఒక రూపము పొందును. కాగితముమీదనున్న దానిని మడవవచ్చును, ప్రక్కన పెట్టవచ్చును, ఇంకొకరికి చూపవచ్చును. నాలుగవది, గీయువాని ప్రక్కన ఒకరు కూర్చుందురు. యోబు స్నేహితులు చేసిన పనులలో అత్యుత్తమమైనది వారు నోరు తెరువక ఏడు దినములు నేలమీద అతనితో కూర్చుండుటయే. నోరు తెరచిన తరువాతనే వారు చెరిచిరి.

మా ప్రాంతపు లంకగ్రామములలో ఒకదానిలో, దోనె తిరుగబడి తండ్రి కొల్లేటిలో మునిగిపోయిన పిల్లవాడొకడు ఉండెను. వాడు నెలల తరబడి ఆ సంగతి మాటలాడలేదు. ఆదివారపు బడిలో బొగ్గుముక్కతో నేలమీద దోనెను గీయుచుండెను; ప్రతివారము అదే దోనె. నేల పాడగుచున్నదని కొందరు విసుగుకొనిరి. బడి చెప్పు ఆ అమ్మగారు మాత్రము వానికి పలకయు రంగుసుద్దలును ఇచ్చి, ఏమియు అడుగక ప్రక్కన కూర్చుండెను. కొన్ని వారములకు వాడు ఆ దోనెలో నిలుచున్న మనుష్యుని గీసెను. గడ ఏ వైపున పట్టుకొనియుండెనో, గాలి ఏ వైపునుండి వచ్చెనో వ్రేలితో చూపెను. ఆ సాయంకాలమున ఇంటికి పోయి తల్లితో తండ్రినిగూర్చి మాటలాడెను. ఇద్దరును ఏడ్చిరి. అంతకుముందు వారిద్దరును ఒకరినుండి ఒకరు దాచుకొని విడివిడిగా ఏడ్చినవారే. ఆ పిల్లవాని దుఃఖము తీరిపోయెనని మేము చెప్పము. దానికి ఒక వాకిలి దొరికెనని మాత్రము చెప్పుదుము.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమలో వేలాది జనులు కొట్టుకొనిపోయిరి. ఆ రాత్రి చెట్టు పట్టుకొని బ్రదికినవారు, పట్టు తప్పిన బిడ్డ పేరు నోట పలుకలేక ముసలివారైనవారు, మన చుట్టముల యిండ్లలో ఇంకను ఉన్నారు. గాలివానకు, వరదకు, అప్పుకు, చేపల చెరువుల నష్టమునకు నలిగిన మనస్సులు మన కొల్లేటి సీమలో తక్కువ కాదు. కలత చెందినవానిని దయ్యము పట్టినవాడని దూరపరచుట మన వాడుక. సౌలు సేవకులు అతనిని దూరపరుపలేదని జ్ఞాపకము చేసికొనుడి.

రెండవ ఆజ్ఞ మాట

ఇక పెద్దల ప్రశ్నకు జవాబు. సీనాయి కొండమీద దేవుడు విగ్రహములను చేసికొని వాటికి సాగిలపడకూడదని ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞ కదలరానిది; బొమ్మయెదుట మోకరించుట మనకు తగదు. అయితే అదే గ్రంథములో, అదే కొండమీద, యూదా గోత్రికుడైన బెసలేలును దేవుడు పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపి, బంగారు వెండి ఇత్తడి పనులను, రత్నములు చెక్కు పనిని, కొయ్యపనిని అతనికి అప్పగించెను. దాను గోత్రికుడైన అహోలీయాబును తోడిచ్చెను. పరిశుద్ధాత్మతో నింపబడెనని అంత స్పష్టముగా చెప్పబడిన మొదటివారిలో ఒకడు ప్రవక్త కాదు, రాజు కాదు, చేతిపనివాడు. సొలొమోను కట్టిన మందిరపు గోడలమీద కెరూబులును, ఖర్జూరపు చెట్లును, వికసించిన పువ్వులును చెక్కబడియుండెను. కాబట్టి గీత పాపము కాదు; గీతకు మ్రొక్కుట పాపము. మన ప్రభువు కూడ వ్యభిచారమందు పట్టబడిన స్త్రీని చంపుటకు రాళ్ళు పట్టుకొన్న జనుల మధ్య, వంగి నేలమీద వ్రేలితో వ్రాసెను. ఆ వ్రేలు నేలమీద కదలుచున్నంతసేపు ఆ కోపిష్ఠుల చేతులు ఆగిపోయినవి.

మన సంఘములు చేయదగిన పని

దీనికి ధనము అక్కరలేదు. పలక, సుద్ద, బొగ్గు, అట్టముక్క, వెనుకవైపు తెల్లగానున్న పాత కాగితము చాలును. ఆదివారపు బడిలో వాక్యపాఠము తరువాత ఒక పావుగంట పిల్లలను గీయనిండి. ఆటపాక చెరువుమీద వ్రాలు గూడబాతులను గీయనిండి. తాటిచెట్టును, తమ యింటిని, తమ మేకను గీయనిండి. ఏమి గీయవలెనో తోచనివానిని బలవంతపెట్టకుడి. బొమ్మ బాగుగా లేదని నవ్వకుడి. పందెములు పెట్టి బహుమానములు పంచకుడి, ఇది పోటీ కాదు. ఇది ఏమిటని ప్రశ్నింపక, దీనినిగూర్చి నీకిష్టమైతే చెప్పుమని అడుగుడి. పిల్లవాడు చూపినదానిని ఊరంతట చాటకుడి.

పెద్దవారికిని ఇది తగును. ఆసుపత్రి పడకమీద ఉన్నవారిని చూడబోవునప్పుడు పండ్లతోపాటు ఒక పెన్సిలును ఒక పుస్తకమును తీసికొనిపొండి. క్రిస్మసునకు కాగితపు నక్షత్రము కట్టునప్పుడు దానిని యౌవనస్థులకే విడిచిపెట్టక, ఆ యేట బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని పిలిచి ఒక కొమ్మును ఆమెచేత అతికింపుడి. అల్లిక, కుట్టుపని, చాపనేత కూడ ఇట్టివే.

అయితే ఒక హెచ్చరిక. పిల్లవాడు భయంకరమైన ఒకే సంగతిని మానక గీయుచున్నను, వానికి ఎవరివలననైనను హాని జరుగుచున్నదని తోచినను, పెద్దవారెవరైనను నిద్రాహారములు మాని చావునుగూర్చి మాటలాడుచున్నను, ఆలస్యము చేయక వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. ప్రభుత్వమువారు 2022లో టెలిమానస్ అను పేరున మనోవ్యాధులకు ఉచిత టెలిఫోను సహాయము ఏర్పరచిరి. దాని సంఖ్య 14416, తెలుగులోను మాటలాడుదురు. ఇది అవిశ్వాసము కాదు. గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టిన సమరయుని, పూటకూళ్ళవానికి సొమ్మిచ్చి పరామర్శింపుమని కోరెను గదా.

ముగింపు

రామారావుగారికి దొరికిన ఆయుష్షు కొద్దిది. బొంబాయినుండి తిరిగివచ్చిన తరువాత ఆయనకు మిగిలినది అయిదు సంవత్సరములు మాత్రమే. ఆ అయిదేండ్లలో ఆయన పటములు వ్రాయుటతో సరిపెట్టుకొనక, ఇంకొకరి చేతికి కుంచె ఇచ్చిరి. ఒక గురువు ఒక పిల్లవానిని చూచెను. ఆ పిల్లవాడు తన యింటివారిని, తన స్నేహితులను చూచెను. అతడు పోయిన తరువాత వారు ఇతరులను చూచిరి. నూరేండ్లు గడచినను ఆ చిత్రశాల నిలిచియున్నది.

బొమ్మ అన్నము పెట్టునా అని అడుగు తండ్రికి మా జవాబు ఇది: మనుష్యుడు రొట్టెవలన మాత్రమే బ్రదుకడని మనకు బోధించినవాడు మన ప్రభువే. నీ కుమారుని చేతిలోని సుద్దముక్కను లాగివేయకుము. ఒక చీకటి దినమున అది వానికి చేతికఱ్ఱ కావచ్చును. వాని ప్రక్కనున్నవారికి దావీదు సితారా కావచ్చును.

ప్రార్థన: సమస్తమును నీ చేతులతో రూపించిన తండ్రీ, మా చేతులకు నీవిచ్చిన నేర్పును తృణీకరింపకుండ మమ్మును కాపాడుము. మాటలాడలేని దుఃఖముతో మా మధ్య కూర్చున్నవారిని చూచు కన్నులను, వారి ప్రక్కన కూర్చుండు ఓపికను మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.